గ్రీన్ కార్డు మీద వెళ్లిన అమ్మానాన్నలు నెల తిరక్కుండానే వెనక్కి వస్తామంటే ఏం చేయాలి?

అమెరికా పౌరసత్వం వచ్చిన కొడుకో కూతురో పిటిషన్ వేసి, నెలల తరబడి ఎదురుచూసి, వైద్యపరీక్షలూ ఇంటర్వ్యూ పూర్తిచేయించి తల్లిదండ్రులను రప్పించుకున్నాక, వచ్చిన నెలకే వారు హైదరాబాదు పంపించేయమని అడిగితే ఆ ఇంట్లో ఎవరికీ ఏం మాట్లాడాలో తోచదు. తమ దగ్గర ఏం లోటు జరిగిందోనని పిల్లలు నొచ్చుకుంటారు. ఇంత ఖర్చు పెట్టించి ఇప్పుడిలా అడుగుతున్నామేనని పెద్దలు లోలోపల కుమిలిపోతారు. ఈ రెండు బాధల మధ్య ఎవరో ఒకరు తొందరపడి టికెట్ కొనేస్తారు. అసలు చిక్కులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

మా అమ్మ విషయంలో ఇది ఐదో వారంలో జరిగింది. వీసా కోసం చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక ఎండలో 108 ప్రదక్షిణలూ పూర్తిచేసిన మనిషి, డాలస్ దగ్గర అన్నయ్య ఇంట్లో ఉండి, బతుకమ్మ పండుగ ఇంకో పది రోజులుందనగా నాకు ఫోన్ చేసి, “నన్ను మల్కాజిగిరి తీసుకుపో, ఇంకేమీ అడగకు” అన్నది. తరువాత నాలుగైదు నెలలు మేము నేర్చుకున్నవీ, చేసిన పొరపాట్లూ వరుసగా రాస్తున్నాను. తిరిగి రావాలనుకోవడం తప్పు కాదు, చట్టం కూడా అందుకు తగినన్ని గడువులు ఇచ్చింది. అయితే విమానం ఎక్కకముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి, ఎక్కిన తరువాత వాటిని చేయడం కుదరదు.

ముందు కారణం తెలుసుకోండి, టికెట్ సంగతి తరువాత

“ఇక్కడ నీకేం తక్కువయింది?” అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు ఏ తల్లీ నిజం చెప్పదు, “ఏమీ లేదు నాయనా” అని ఊరుకుంటుంది. దానికి బదులు, ఈ రోజు హైదరాబాదులో ఉంటే పొద్దున్నుంచి ఏమేం చేసేవారో చెప్పమనండి. మా వదిన అలా అడిగిన రోజే విషయం బయటపడింది. అమ్మకు అలవాటు ప్రకారం ఉదయం 5 గంటలకే మెలకువ వచ్చేది. ఆ సమయానికి హైదరాబాదులో మధ్యాహ్నం మూడున్నర. చెల్లెళ్లు భోజనాలు చేసి కునుకు తీస్తుంటారు, నేను ఆఫీసులో ఉంటాను, ఫోన్ ఎవరూ ఎత్తరు. అన్నయ్యావాళ్లు నిద్ర లేచేదాకా ఆమె వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఒక్క మనిషీ నడవని వీధిని చూస్తూ కూర్చునేదట. మల్కాజిగిరి ఇంటి తాళంచెవి కొంగుకు కట్టుకునే ఉండేది. ఐదు వారాల్లో ఆమె తనంతట తాను గడప దాటి వెళ్లింది రెండుసార్లే. కారు నడపడం రాదు, నడిచివెళ్లే దూరంలో దుకాణం లేదు. మాకేమో ఆమె అడుగుతున్నది పండుగ కోసమేననిపించింది.

కారణాల్లో కొన్ని కాలంతో తగ్గేవి, కొన్ని తగ్గనివి. నిద్ర వేళలు తారుమారు కావడం, చలి, కొత్త వంటిల్లు, గుడి ఎక్కడో తెలియకపోవడం వంటివి రెండు మూడు నెలల్లో చాలావరకు సర్దుకుంటాయి. వారానికి ఒకసారైనా ఫ్రిస్కో హనుమంతుడి గుడికి తీసుకువెళ్లడం మొదలుపెట్టాక అమ్మ ముఖంలో కొంత తేడా కనిపించిందని అన్నయ్య చెప్పాడు. భర్త ఇక్కడే ఉండిపోయినా, కూతురి కాన్పు దగ్గరపడినా, పొద్దస్తమానం పసిపిల్లలను చూసుకోవడం, వంట చేయడం తప్ప తనకంటూ ఒక పూట లేకపోయినా అవి వాటంతటవే తగ్గవు. చివరి కారణాన్ని పెద్దలు నోరు విప్పి చెప్పరు కాబట్టి మీరే గమనించుకోవాలి. తిండి మానేయడం, రాత్రుళ్లు నిద్ర లేకపోవడం, దారి మరిచిపోవడం, చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెప్పడం కనిపిస్తే దాన్ని ఇంటి మీద బెంగగా కొట్టిపారేయకుండా ముందు డాక్టరుకు చూపించండి.

అందుకు ఇన్సూరెన్స్ ఉండాలి. 65 ఏళ్లు దాటినా కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు మెడికేర్, అంటే పెద్ద వయసువారికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, వెంటనే దొరకదు. అక్కడ పని చేసిన చరిత్ర లేనివారు గ్రీన్ కార్డు మీద వరుసగా 5 ఏళ్లు నివసించిన తరువాతే ప్రీమియం కట్టి అందులో చేరగలరు. ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మార్కెట్‌ప్లేస్‌లో పాలసీ తీసుకోవడానికి వచ్చిన నాటి నుంచి 60 రోజుల ప్రత్యేక గడువు ఉంటుంది. “ఎలాగూ వెళ్లిపోతానంటోంది కదా” అని ఆ గడువును జారవిడవకండి.

తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్లి ఉంటే, ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడండి. తల్లిదండ్రుల కేటగిరీలో ఒకరి పిటిషన్ మీద ఇంకొకరు రావడానికి వీలుండదు, ఇద్దరివీ వేర్వేరు కేసులు. అందువల్ల ఒకరు తిరిగివచ్చి మరొకరు అక్కడే ఉండడానికి చట్టపరంగా ఏ అడ్డూ లేదు.

పాస్‌పోర్టులోని వీసా పేజీ తీసి చూడండి

ఇమిగ్రెంట్ వీసా స్టిక్కరు కింది భాగాన సన్నని అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. అమెరికాలో దిగినప్పుడు ఇమిగ్రేషన్ అధికారి దాని మీద ముద్ర వేసిన తేదీ నుంచి ఏడాది పాటు ఆ పేజీయే గ్రీన్ కార్డుగా చెల్లుతుందని దాని అర్థం. అంటే, ప్లాస్టిక్ కార్డు ఇంటికి రాకపోయినా తల్లిదండ్రులు దేశం దాటి వెళ్లవచ్చు, ఆ ఏడాదిలోపు తిరిగి రావచ్చు. మా అన్నయ్యకు ఈ సంగతి తెలియక, కార్డు రాకుండా కదిలితే అంతా రద్దయిపోతుందని అమ్మకు చెప్పాడు. ఆమె దాన్ని తనను కట్టిపడేయడంగా అర్థం చేసుకుంది.

అయినా, అత్యవసరం లేకపోతే కార్డు వచ్చేదాకా ఆగడమే మేలని నా అభిప్రాయం. కార్డు తయారుకావాలంటే 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి ఉండాలి. ప్రయాణానికి ముందే అది కట్టారో లేదో ఒకసారి చూసుకోండి, చాలామంది ఇక్కడే మరిచిపోతారు. ఫీజు కట్టి, దేశంలో దిగిన తరువాత మామూలుగా 90 రోజుల్లోపు కార్డు పోస్టులో వస్తుంది. అమ్మకు ఏడో వారంలో వచ్చింది. కార్డు రాకముందే బయలుదేరవలసి వస్తే, వచ్చిన తరువాత దాన్ని నమ్మకమైన మనిషి చేతికిచ్చి పంపించండి. హైదరాబాదులో ఉండగా కార్డు పోతే, కాన్సులేట్‌లో ఐ-131ఏ దరఖాస్తు పెట్టి, 575 డాలర్లు కట్టి, విమానం ఎక్కడానికి అనుమతి పత్రం తెచ్చుకోవలసి వస్తుంది.

ఎన్నాళ్లు హైదరాబాదులో ఉంటారో నిజాయతీగా లెక్కవేయండి

మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి. 180 రోజుల్లోపు తిరిగి వెళ్లే పనైతే కార్డు, పాస్‌పోర్టు చాలు. 180 రోజులు దాటితే చట్టం ఆ మనిషిని కొత్తగా ప్రవేశం కోరుతున్న వ్యక్తిగా చూస్తుంది కాబట్టి అధికారి లోతుగా ప్రశ్నించవచ్చు. ఎందుకు ఆలస్యమయిందో చూపే కాగితాలు, అంటే ఆసుపత్రి బిల్లులు, పెళ్లి శుభలేఖ, ఇల్లు అమ్మిన దస్తావేజు వంటివి దగ్గర ఉండాలి. ఏడాదికి మించి బయట ఉంటే ఆ కార్డు తిరిగి ప్రవేశించడానికి పనికిరాదు. అప్పుడు ముందుగా తీసుకున్న రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి ప్రవేశించడానికి అనుమతి పత్రం) అయినా ఉండాలి, లేదా కాన్సులేట్‌లో ఎస్‌బీ-1 అనే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా అడగాలి. తిరిగి వెళ్లే ఉద్దేశంతోనే వచ్చామని, తమ చేతుల్లో లేని కారణం వల్లే ఆగిపోయామని రుజువు చేసిన వారికే ఆ వీసా ఇస్తారు. “మనసు కుదుటపడలేదు” అన్నది అందుకు సరిపోదు.

ఇక్కడ ఒక అపోహ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మాకు టికెట్లు చేసిన ఏజెంటు, “ఆర్నెల్లకోసారి వెళ్లి పది రోజులుండి వస్తే కార్డు బతికే ఉంటుందమ్మా” అన్నాడు. మా కాలనీలో నలుగురిని అడిగితే నలుగురూ అదే చెప్పారు. కానీ అధికారులు రోజులను మాత్రమే లెక్కపెట్టరు, ఆ మనిషి స్థిర నివాసం నిజంగా ఎక్కడ ఉందని చూస్తారు. సంవత్సరంలో పదకొండు నెలలు హైదరాబాదులో ఉంటూ, అమెరికాలో సొంత బ్యాంకు ఖాతా గానీ, పన్ను రిటర్ను గానీ, తమ పేరు మీద చిరునామా గానీ లేకుండా రెండు వారాలకు మాత్రమే వచ్చిపోయే వారిని, ఏ ఒక్క ప్రయాణమూ ఆర్నెల్లు దాటకపోయినా, నివాసం వదులుకున్నారని ప్రశ్నించవచ్చు. డెబ్బై ఏళ్ల తల్లి ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసి ఇమిగ్రేషన్ కౌంటరు ముందు నిలబడి ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవలసిన పరిస్థితి తెచ్చుకోవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. అబుదాబి మీదుగా వెళ్లేవారికి అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ ఆ విమానాశ్రయంలోనే జరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. పిల్లలు బయట ఎదురుచూసే చోటుకు అది చాలా దూరం.

రీ-ఎంట్రీ పర్మిట్: తిరిగివచ్చే ముందే చేయవలసిన పని

నిర్ణయం ఇంకా తేలని కుటుంబాలకు ఇదే సరైన దారి. ఐ-131 ఫారం మీద దరఖాస్తు చేయాలి, ఫీజు 630 డాలర్లు. దరఖాస్తు చేసే రోజున తల్లి లేదా తండ్రి అమెరికా గడ్డ మీద ఉండి తీరాలి. హైదరాబాదు వచ్చాక దరఖాస్తు చేసే వీలు లేదు. దరఖాస్తు అందినట్టు రసీదు వచ్చాక, వేలిముద్రలకు రమ్మని కొన్ని వారాల్లో పిలుపు వస్తుంది. ఒక్కోసారి పాత వేలిముద్రలనే వాడుకుంటారు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. వేలిముద్రలు ఇచ్చిన తరువాత ప్రయాణం చేయవచ్చు, పర్మిట్ చేతికి వచ్చేదాకా ఆగనక్కరలేదు. పర్మిట్‌ను అమెరికాలోని ఇంటి చిరునామాకు గానీ విదేశంలోని కాన్సులేట్‌కు గానీ పంపమని ఫారంలోనే కోరవచ్చు. మంజూరు కావడానికి నెలల తరబడి పడుతుంది కాబట్టి, ఇంటికి తెప్పించుకుని, వచ్చేవారితో పంపడమే మాకు సులువయింది.

పర్మిట్ సాధారణంగా 2 ఏళ్లు చెల్లుతుంది, పొడిగింపు ఉండదు. బయట ఎక్కువ కాలం ఉన్నారన్న ఒక్క కారణంతో ప్రవేశం నిరాకరించకుండా అది కాపాడుతుంది. అంతకుమించి హామీ ఏదీ ఇవ్వదు. పౌరసత్వానికి కావలసిన నివాసకాలాన్ని కూడా అది నిలబెట్టదు. పౌరసత్వం కావాలంటే 5 ఏళ్ల నిరంతర నివాసం, అందులో కనీసం 30 నెలలు దేశంలో భౌతికంగా ఉండడం అవసరం. ఒక్క ప్రయాణం ఆర్నెల్లు దాటినా నిరంతరత తెగిందనే మొదట భావిస్తారు.

ఈ పర్మిట్ కోసమే మేము అమ్మను ఇంకొన్ని వారాలు ఆగమని అడిగాం. అప్పుడు ఒక చిన్న పని చేశాం, అది ఎంతో మేలు చేసింది. వేలిముద్రల తేదీ తెలిసిన రోజునే అన్నయ్య తిరుగు ప్రయాణానికి టికెట్ కొని, కాగితం మీద అచ్చు తీసి, ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. తేదీ కళ్లెదుట ఉన్నప్పటి నుంచి అమ్మ ఏడవడం మానేసింది, బతుకమ్మను అక్కడి తెలుగువాళ్లతో కలిసి పేర్చింది, పక్కింటావిడకు పులిహోర చేయడం నేర్పింది. పంపించేస్తామని మాటతో చెప్పడం కన్నా తేదీ చూపించడమే పెద్దలకు ధైర్యాన్నిస్తుంది. డిసెంబరు మొదటి వారంలో ఆమె శంషాబాదులో దిగింది.

మనసు హైదరాబాదులోనే ఉందని తేలితే, కార్డును గౌరవంగా తిరిగి ఇచ్చేయండి

మొదటి కొన్ని నెలల బెంగలో ఈ నిర్ణయం తీసుకోవద్దు. తిరిగివచ్చి, సొంత ఇంట్లో కొన్ని నెలలు గడిపి, మనవళ్ల మీద ధ్యాస ఎటు లాగుతోందో చూసుకున్న తరువాతే తేల్చుకోండి. అప్పటికీ ఇక్కడే ఉండాలనిపిస్తే ఐ-407 అనే ఫారం నింపి, సంతకం చేసి, గ్రీన్ కార్డుతో సహా అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు పోస్టులో పంపాలి. దీనికి ఫీజు లేదు. పంపే ముందు ఫారం, కార్డు రెండింటికీ కాపీలు తీసుకుని భద్రపరచండి.

ఆ తరువాత మనవళ్లను చూడడానికి నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో విజిటర్ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ అధికారిని ఒప్పించవలసిన ప్రధాన విషయం, వెళ్లినవారు తిరిగి వస్తారని. చేతిలో ఉన్న గ్రీన్ కార్డును తమంతట తామే వదులుకున్న వారి దగ్గర అందుకు బలమైన ఆధారం ఉన్నట్టే, అయినా వీసా తప్పక వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. గ్రీన్ కార్డు ఉంచుకుని పాత విజిటర్ వీసా మీద వెళ్లాలనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

కార్డు వదులుకుంటే ఇక శాశ్వతంగా తలుపు మూసుకుపోతుందేమోనని చాలామంది భయపడతారు. అలా ఏమీ లేదు. మూడేళ్ల తరువాత ఒంటరితనమో అనారోగ్యమో వచ్చి పిల్లల దగ్గరికి చేరాలనిపిస్తే, పౌరసత్వం ఉన్న కొడుకో కూతురో వారిని రప్పించుకోవడానికి మళ్లీ ఐ-130 పిటిషన్ వేయవచ్చు. తల్లిదండ్రులకు సంఖ్యా పరిమితి లేదు, మునుపు వదులుకున్నందుకు శిక్ష కూడా ఉండదు. కాలమూ ఖర్చూ మళ్లీ మొదటి నుంచి అవుతాయి, అంతే. పైగా, కార్డు వదులుకుని దేశం విడిచిన తల్లిదండ్రుల పోషణ బాధ్యత గురించి స్పాన్సరు సంతకం చేసిన ఒప్పందం కూడా ముగుస్తుంది.

ఒకవేళ తిరిగి వెళ్లే ఉద్దేశంతోనే ప్రయాణం చేస్తుండగా విమానాశ్రయంలో అధికారి ఐ-407 ముందు పెట్టి సంతకం చేయమంటే, అది స్వచ్ఛందంగా చేసే సంతకమని పెద్దలకు ముందే చెప్పి ఉంచండి. ఇష్టం లేకపోతే నిరాకరించి, ఇమిగ్రేషన్ జడ్జి ముందు విచారణ కోరే హక్కు వారికి ఉంది. ఈ ఒక్క మాటను తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టి పంపండి.

పన్ను సంగతి

కార్డు ఉన్నంతకాలం, హైదరాబాదులో ఉన్నా, పెన్షన్, ఇంటి అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ అన్నీ అమెరికా పన్ను లెక్కలోకి వస్తాయి. భారతదేశంలోని ఖాతాలన్నీ కలిపి సంవత్సరంలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి. రిటైరైన వారి డిపాజిట్లు ఆ పరిమితిని తేలిగ్గా దాటతాయి. మ్యూచువల్ ఫండ్లుంటే లెక్క మరింత చిక్కుగా ఉంటుంది. పన్ను తప్పించుకోవడానికి నాన్-రెసిడెంట్‌గా రిటర్ను వేస్తే, నివాసం వదులుకున్నారనడానికి అదే సాక్ష్యమవుతుంది. రెండు దేశాల పన్నులూ తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్‌ను ఒక్కసారి కలవండి.

వచ్చే ముందు ఇక్కడ సిద్ధం చేయవలసినవి

ఈ భాగం హైదరాబాదులో ఉన్న తోబుట్టువుల కోసం. బీపీ, షుగరు మందులు తిరుగు ప్రయాణానికి మరో పదిహేను రోజులు ఎక్కువ ఉండేలా చూడండి. అక్కడి డాక్టరు రాసిన చీటీలు, రక్తపరీక్షల నివేదికలు తెప్పించండి. ఇక్కడి ఆరోగ్య బీమా పాలసీని, వాళ్లు అమెరికా వెళ్లారు కదా అని ఎన్నడూ ఆపకండి, ఈ వయసులో కొత్త పాలసీకి మళ్లీ వేచి ఉండే గడువులు మొదలవుతాయి. స్థిరపడడానికి వెళ్లారు కాబట్టి బ్యాంకు ఖాతాలను ఎన్ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవారి ఖాతాలుగా, మార్చి ఉంటే, ఉండిపోవడానికి తిరిగివచ్చాక ఆ సంగతి బ్యాంకుకు తెలియజేసి మళ్లీ రెసిడెంట్ ఖాతాలుగా మార్పించాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసి ఉంటుంది. డిసెంబరులో వచ్చిన మా అమ్మ పెన్షన్ ఈ కారణంగానే ఒక నెల ఆగింది. ఫోన్‌లోని జీవన్ ప్రమాణ్ యాప్ ద్వారా ముఖం చూపించి ఆ పని చేయవచ్చన్న సంగతి మాకు అప్పుడు తట్టలేదు.

ఇల్లు మూసిపెట్టి ఉంటే, వారు దిగే ముందు రోజే తెరిచి, నీళ్ల ట్యాంకు కడిగించి, గ్యాసు సిలిండరు వచ్చేలా చూసి, పాలవాడికి చెప్పి ఉంచండి. బంధువులకు, ఇరుగుపొరుగుకు ఏం చెప్పాలన్నది కూడా ముందే మాట్లాడుకోండి. “అప్పుడే వచ్చేశారేం?” అన్న ప్రశ్న మొదటి వారంలో ఇరవైసార్లు ఎదురవుతుంది. కొడుకు సరిగ్గా చూడలేదన్న మాట ఎక్కడా పుట్టకుండా, “చూసి వచ్చాను, మళ్లీ వెళతాను” అని చెప్పమని అన్నయ్య తరఫున నేనే అమ్మను అడిగాను.

అమ్మ దిగిన రాత్రే, వంటింటి గోడకు తగిలించిన కొత్త ఏడాది తెలుగు క్యాలెండర్‌లో మూడు తేదీల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను. ఒకటి అమెరికా విడిచి 180 రోజులు నిండే రోజు, రెండోది ఏడాది నిండే రోజు, మూడోది ఏప్రిల్ 15, పన్ను రిటర్నుకు చివరి రోజు. మీరూ అలాగే గోడ మీద రాసిపెట్టండి. ఫోన్‌లో పెట్టిన రిమైండర్లను పెద్దలు చూసుకోరు.